పంది కూరకి కిటికీలు మూయాలా?

తెలుగు స్త్రీవాదం వంటింటి గురించి రాసినంతగా ఇంట్లో మరే గది గురించీ రాయలేదు. విమల 'వంటిల్లు' కవిత మొదలుకొని నిన్నమొన్నటి కథల దాకా ఆ గది మనకి చెర, చాకిరీ, ఒక్కోసారి అమ్మ జ్ఞాపకం. ఆ సాహిత్యం చదివే నేనూ ఆలోచించడం నేర్చుకున్నాను, దాన్నే క్లాసులో పాఠంగా చెబుతున్నాను. కానీ వంటచేసే చేతుల గురించి ఇంత మాట్లాడిన మనం పొయ్యి మీద గిన్నెలో ఏముందో మాత్రం చాలా తక్కువ మాట్లాడాం. ఏముంటుంది? పప్పు, పులుసు, వేపుడు, పండగైతే బొబ్బట్లు, మరీ ధైర్యం చేస్తే కోడికూర. దళిత స్త్రీలు రాయడం మొదలుపెట్టాకే పెద్దకూర, తునకలు కాగితం మీదికి వచ్చాయి. పంది మాత్రం ఇప్పటికీ గుమ్మం బయటే తిరుగుతోంది.

నేను ఎరుకల ఇంటి ఆడదాన్ని. హైదరాబాదులో డిగ్రీ కాలేజీలో ఉద్యోగం, అద్దె ఫ్లాట్‌లో కాపురం. ఆదివారాలు మా ఇంట్లో పంది జబ్బ వండుకుంటాం. ఈ వ్యాసం దాని గురించే. పంది తినే హక్కు గురించి కాదు. హక్కు అనే మాట సభల్లో చాలా చక్కగా పలుకుతుంది, చప్పట్లూ వస్తాయి. నేను మాట్లాడేది దాన్ని ఇంట్లో, మన పొయ్యి మీద, మూడు గంటలసేపు, వాసన వచ్చేలా వండుకోవడం గురించి.

మూడు గంటలు ఎందుకో వండని వాళ్ళకి చెప్పాలి. జబ్బ అంటే ముందుకాలి పైభాగం, భుజం. రోజంతా ఆ కాళ్ళ మీద బరువు వేసి నేల తవ్వుకుంటూ తిరిగే జంతువు కాబట్టి అక్కడి కండ గట్టిగా ఉంటుంది. కండకీ కండకీ మధ్య కొవ్వు పొరలు, తెల్లటి తీగల్లాంటివి. వెన్ను మాంసం తొందరగా ఉడుకుతుంది, కాస్త ఎక్కువైతే పీచులా ఎండిపోతుంది. జబ్బని గంటలోపు దించితే రబ్బరే. సన్న సెగ మీద రెండున్నర, మూడు గంటలు వదిలేస్తే ఆ తీగలన్నీ కరిగి జిగురవుతాయి, గరిటె తగిలితే ముక్క విడిపోతుంది. కొల్లాజెన్ జెలటిన్‌గా మారడం అని సైన్సు పుస్తకాల్లో ఉండేది ఇదే. మా అమ్మ "వెన్నపట్టింది" అనేది.

ఉప్పూ పసుపూ వేసి కడిగి, తోలూ కొవ్వూ ఉన్న ముక్కల్ని ముందు మందపాటి గిన్నెలో అడుగున పరుస్తాను. నూనె అక్కర్లేదు, తన నూనె తనే ఇస్తుంది. అందులోనే ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లి. తర్వాత మిగతా ముక్కలు, కారం, ధనియాల పొడి. మాంసం వదిలిన నీళ్ళు ఇగిరేదాకా చుక్క నీరు పొయ్యను. ఆ తర్వాత గ్లాసుడు వేణ్ణీళ్ళు పోసి, మూతపెట్టి, మంట తగ్గించేయడమే. దించేముందు విడిగా మగ్గబెట్టిన గోంగూర. పులుపు లేకపోతే ఆ కొవ్వు నోటికి అంటుకుంటుంది. మిరియాలు దట్టించి వేపుడు చేసేవాళ్ళున్నారు. వాళ్ళతో పేచీ లేదు గానీ, గోంగూర గోంగూరే.

చూశారుగా, ఇందులో విడ్డూరమేమీ లేదు. పెద్ద చేత్తో చేసే పని కూడా లేదు, కాచుకుని కూర్చోవడమే. కానీ ఆ మూడు గంటలూ వాసన బయటికి పోతుంది. కుక్కర్ పెట్టుకోవచ్చు కదా అంటారు. పెట్టొచ్చు, ముప్పావు గంటలో అయిపోతుంది. అయితే విజిల్ వచ్చినప్పుడల్లా ఆవిరి అపార్ట్‌మెంట్ డక్ట్‌లోంచి నాలుగంతస్తులూ ఎక్కుతుంది. అందుకని నాకు తెలిసిన ఎరుకల, మాల, మాదిగ ఉద్యోగస్తుల ఇళ్ళల్లో ఆదివారం వంట ఎలా సాగుతుందో చెబుతాను. ముందు కిటికీలు మూస్తారు. తలుపు కింద సందులో తడిగుడ్డ దోపుతారు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వెయ్యరు. దేవుడున్నా లేకపోయినా అగరుబత్తి వెలుగుతుంది. ఎముకలు రెండు మూడు కవర్లలో కట్టి, మన చెత్తబుట్టలో కాకుండా ఆఫీసుకి వెళ్ళే దారిలో ఎక్కడో పడేస్తారు. "నిన్న ఏం కూర తిన్నావు" అని టీచరు అడిగితే ఏం చెప్పాలో పిల్లలకి నేర్పుతారు. ఈ పనులన్నీ ఎవరు చేస్తారు? ఆడవాళ్ళే. మగాడు తిని, చెయ్యి కడుక్కుని, టీవీ ముందు కూర్చుంటాడు.

ఇంటిచాకిరీకి విలువ కట్టాలని మనం దశాబ్దాలుగా అడుగుతున్నాం. వండటం లెక్కేశాం, తోమడం లెక్కేశాం, పిల్లల్ని కనడం పెంచడం లెక్కేశాం. వండినదాన్ని దాచే చాకిరీని ఏ పద్దులో రాశాం? అది అందరు ఆడవాళ్ళకీ లేదు కాబట్టి అది స్త్రీల పని కింద లెక్కకు రాలేదు. ఆవకాయ కలిపే ఇంట్లో కిటికీలు మూయరు. ఘాటుకి పక్కింటివాళ్ళు తుమ్మినా నవ్వుకుంటారు.

వాసన అంటే గుర్తొచ్చింది. 2007లో ఢిల్లీ పోలీసులు ఈశాన్య రాష్ట్రాల నుంచి వచ్చే విద్యార్థుల కోసం ఒక చిన్న పుస్తకం వేశారు. వెదురు చిగుళ్ళు, అఖుని లాంటి వాసనొచ్చే వంటలు ఇరుగుపొరుగుతో గొడవ రాకుండా వండుకోవాలని అందులో సలహా. స్నేహితురాలి పెళ్ళికి అఖుని వేసి పంది మాంసం వండటానికి ఢిల్లీలో చోటు దొరక్క గిన్నె పట్టుకుని తిరిగే అమ్మాయిల మీద నికొలస్ ఖర్‌కొంగొర్ 2019లో సినిమా తీశాడు. ఆ సినిమా చూసి "పాపం నార్త్ ఈస్ట్ వాళ్ళు" అని నాతో అన్న సహోద్యోగిని ఉంది. నేను ఆమె పక్క కుర్చీలోనే పన్నెండేళ్ళుగా కూర్చుంటున్నాను.

పంది మాంసం కొనడానికి దుకాణానికి వెళ్ళిన ఆడదానికి ఇంకో అనుభవం. మన దగ్గర చాలాచోట్ల జబ్బ, తొడ, పక్కటెముకలు అని వేరుచేసి అమ్మరు. అన్నీ కలిపి కొట్టి తూకం వేస్తారు. నాకు జబ్బే కావాలి, పెద్ద ముక్కలుగా కావాలి అంటే కొట్టేవాడు తలెత్తి చూసి, "మందులోకా మేడం?" అంటాడు. అతనిది తప్పని నేననను. అతని దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళు, సీసా పక్కన నంజుకోవడానికి కొనేవాళ్ళు. ఆ మగవాళ్ళలో అన్ని కులాలవాళ్ళూ ఉన్నారు. కల్లు దుకాణాల దగ్గర, తోటల్లో, స్నేహితుడి గదిలో, డాబా మీద తింటారు. ఇంటికొచ్చి నోరు పుక్కిలించి పడుకుంటారు. ఇంటి మడి చెడదు, ఎందుకంటే ఇంటి మడి ఆడదాని నెత్తిన పెట్టారు. పంది మగాడి నోటికి తగిలితే సరదా. అదే ఇంటి పొయ్యెక్కితే మాత్రం కులం. ఈ ఏర్పాటులో స్త్రీవాదానికి మాట్లాడటానికేమీ దొరకలేదంటే నాకు ఆశ్చర్యం.

ఇప్పుడు మురికి సంగతి. ఈ మాట దాటకుండా ముందుకి పోనివ్వరు. "మేం కులం చూడం, కానీ పంది ఏం తింటుందో తెలుసు కదా" అంటారు చదువుకున్నవాళ్ళు. తెలుసు. అది తినేది ఎవరిది? మరుగుదొడ్లు కట్టుకోని ఊరిది, డ్రైనేజీ వెయ్యని మున్సిపాలిటీది. మనుషుల చేత మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒకసారి, చాలక 2013లో మరోసారి చట్టం చెయ్యాల్సి వచ్చిన దేశం మనది. ఆ దేశంలో మురికి పేరు ఎత్తిపోసిన మనిషికీ తిన్న జంతువుకీ వచ్చింది, చేసినవాళ్ళకి రాలేదు. దొడ్డిలో కట్టేసి తవుడూ కుడితీ పెట్టి పెంచిన పంది ఏమీ అశుభ్రం కాదని మా నాయనమ్మకి తెలుసు. ఊళ్ళో ఇంటింటికీ తిరిగి కుడితి తెచ్చింది ఆవిడే.

మెదడులో పురుగులు వస్తాయట కదా అని ఇంకో భయం. ఒక సైన్సు లెక్చరరే నన్నడిగింది. ఇది వివరంగా చెప్పాలి. బద్దెపురుగు తిత్తులున్న మాంసం సరిగా ఉడక్కుండా తింటే మనిషి పేగులో బద్దెపురుగు పెరుగుతుంది. మెదడులో తిత్తులు ఏర్పడటం మాత్రం ఆ పురుగు గుడ్లు నోట్లోకి పోవడం వల్ల. ఆ గుడ్లు మనిషి మలంలో ఉంటాయి. మలం కలిసిన నీళ్ళతో, సరిగా కడగని కూరల మీదుగా, శుభ్రం చేసుకోని చేతులతో లోపలికి పోతాయి. అందుకే జన్మలో మాంసం ముట్టని శాకాహారులకీ ఆ జబ్బు వస్తోంది. మూడు గంటలు ఉడికిన నా జబ్బ ముక్క కంటే పచ్చి కొత్తిమీర చల్లిన వాళ్ళ పెరుగు పచ్చడిని అనుమానించడమే సైన్సు. 2009లో స్వైన్ ఫ్లూ వచ్చినప్పుడూ ఇంతే. మాంసం తింటే అది రాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నా ఈజిప్టు ప్రభుత్వం దేశంలోని పందులన్నిటినీ, సుమారు 3 లక్షలు, చంపించింది. కైరోలో చెత్త ఏరి ఆ చెత్తతో పందుల్ని పెంచుకునే పేద క్రైస్తవ కుటుంబాల బతుకు పోయింది. ఆ తర్వాత ఆ నగరం వీధుల్లో చెత్త కుప్పలు పడింది. మన ఊళ్ళలో మెదడువాపు వచ్చిన ప్రతిసారీ పందుల్ని లారీలకెక్కించడం మా వాళ్ళకి అలవాటైన దృశ్యం. ఆ వైరస్ పందుల్లో పెరిగేమాట నిజమే. దాన్ని మోసుకొచ్చే దోమ వరిమళ్ళలో పుడుతుంది. మడి ఉన్నవాడి జోలికి ఎవరూ పోలేదు.

పంది పెంపకం పోయాక ఏమైందో కూడా ఎవరూ రాయలేదు. దేశంలో 2012 పశుగణనలో కోటి దాటి ఉన్న పందులు 2019 నాటికి 90 లక్షలకి తగ్గాయి. సంఖ్యల వెనక ఆడవాళ్ళున్నారు. ఎరుకల ఇళ్ళల్లో పందులు ఆడదాని చేతికింది ఆస్తి. బుట్టలల్లి, ఎరుక చెప్పి సంపాదించింది ఆ రోజు గింజలకే సరిపోయేది. పిల్ల పెళ్ళికీ, ఆసుపత్రికీ పందే అక్కరకొచ్చేది. 1911 చట్టం మమ్మల్ని నేరస్త జాతిగా రాసింది. 1913లో స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లు కట్టి హాజరు వేయించుకున్నారు. 1952లో ఆ చట్టం పోయింది, అనుమానం పోలేదు. ఊళ్ళో ఏ కోడి పోయినా ముందు మా గుడిసెలే వెతికేవాళ్ళు. మా నాయనమ్మని పెద్దిళ్ళ ఆడవాళ్ళు అరుగు మీద కూర్చోబెట్టి ఎరుక చెప్పించుకునేవాళ్ళు, కొడుకు పుడతాడా, మొగుడు మారతాడా అని కళ్ళనీళ్ళు పెట్టుకునేవాళ్ళు, చాటలో బియ్యం పోసి పంపేవాళ్ళు. ఆవిడ నోటి మాట మైల కాలేదు. ఆవిడ కుండలో కూర మైల.

పోనీ ఈ దేశానికి పంది అంటేనే పడదా అంటే అదీ కాదు. విష్ణువు మూడో అవతారం అదే. సింహాచలంలో ఉన్నది వరాహ లక్ష్మీనరసింహుడే. చాళుక్యుల ముద్ర వరాహం, విజయనగరం ముద్ర వరాహం, బంగారు నాణేన్ని మనవాళ్ళు వరహా అన్నారు. పందిని పొడిచినవాడే బంటు అని సామెత. అది అడవిపంది. అడవిపంది అయితే దొరలూ తిన్నారు, ఇప్పటికీ "అడవిది దొరికితే చెప్పండి" అనే పెద్దమనుషులున్నారు. వేటాడినది పౌరుషం, ఆడది కుడితి పోసి పెంచినది అసహ్యం. మాంసం ఒక్కటే కదమ్మా.

దేశం దాటితే ఈ అసహ్యం ఏమవుతుందో కూడా చూశాను. అమెరికాలో ఉన్న స్నేహితురాళ్ళ ఇళ్ళల్లో పిల్లలు పెప్పరోని పిజ్జా తింటారు, పొద్దున బేకన్ తింటారు. ఒక స్నేహితురాలు నాలాగే జబ్బ ముక్క తెచ్చి ఎనిమిది గంటలు స్లో కుక్కర్‌లో పెట్టి, ఫోర్కుతో చీల్చి, పుల్డ్ పోర్క్ అని ఫొటో పంపింది. సంతోషం. మా ఊరి ఎరుకల వాడ పక్కనుంచి నడిచేటప్పుడు ముక్కు మూసుకున్న అమ్మాయే. హైదరాబాదు పెద్ద హోటళ్ళలో కొడగు పంది కర్రీ దొరుకుతుంది. మెనూలో ఆ పేరే ఉంటుంది, పంది కర్రీ అని. కొడవ మాటా తెలుగు మాటా ఒకటే అయినా అది ఇంగ్లీషు అక్షరాల్లో, వెయ్యి రూపాయల పక్కన కనిపిస్తే ఎవరికీ వికారం పుట్టదు.

ఇక మన సంగతికి వద్దాం. మన అంటే మన స్త్రీవాదుల సంగతే. కొన్నేళ్ళ క్రితం ఒక రచయిత్రుల సమావేశం. రెండు రోజులు కలిసి ఉంటాం కాబట్టి ఎవరింటి వంట వాళ్ళు తెచ్చుకుని పంచుకుందామని నిర్వాహకులు అన్నారు. ఆహారం, స్మృతి, స్త్రీలు అని ఒక సెషన్ కూడా. నేను పంది జబ్బ గోంగూర తెస్తానన్నాను. ఫోన్లో కాసేపు మౌనం. తర్వాత, "ఏమనుకోకండి, మాకేం అభ్యంతరం లేదు, అందరూ కంఫర్టబుల్‌గా ఉండరేమోనని. మీరు ఆ వంట గురించి సెషన్‌లో మాట్లాడండి, చాలా బాగుంటుంది" అన్నారు. అదీ విషయం. పంది మాట రూపంలో అయితే ఆహ్వానితురాలు. గిన్నెలో అయితే కాదు. నేను వెళ్ళలేదు. సెషన్ బాగా జరిగిందని విన్నాను.

దీనికి వచ్చే జవాబులు నాకు తెలుసు. అసహ్యం శరీరానికి సంబంధించింది, మనసు మార్చుకున్నంత సులువుగా కడుపు మారదు అంటారు. నిజమే, మారదు. నేను ఎవరినీ తినమనలేదు. బల్ల మీద పది గిన్నెలుంటే నచ్చినవి వడ్డించుకుంటాం. నాకు కాకరకాయ పడదు, కాకరకాయ వండిన మనిషిని ఇంటికి రావద్దనను. నీ కడుపు ఒప్పుకోకపోవడం వేరు, ఆ గిన్నె ఒకే గదిలో ఉండటానికే ఒప్పుకోకపోవడం వేరు. రెండోదానికి మన సమాజంలో చాలా పాత పేరుంది, స్త్రీవాదులకి నేను చెప్పక్కర్లేదు.

మరి ముస్లిం స్త్రీలు వస్తారు కదా అని ఇంకొకరు. వాళ్ళని అడ్డం పెట్టుకోవడం నాకు మరీ చిరాకు. నా దగ్గరి స్నేహితురాలు ఒకామె పంది ముట్టదు, ఆమెకది హరామ్. మా ఇంటికి వస్తుంది. ఆమెకి వేరే గిన్నెలో, వేరే గరిటెతో వండుతాను, తన ప్లేటు తనే తెచ్చుకున్న రోజులూ ఉన్నాయి. నా కూర గిన్నె పక్కన ఉండగానే ఇద్దరం నవ్వుకుంటూ తింటాం. తన మతం తనకి చెప్పింది తను పాటిస్తోంది. నన్ను తక్కువ చేయమని తనకెవరూ చెప్పలేదు. ఈ తేడా తెలియనట్టు నటించేవాళ్ళకి ఇంకో సరదా ఉంది. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో దళిత విద్యార్థులు పెద్దకూర పండగ చేస్తే, "దమ్ముంటే పోర్క్ పండగ చెయ్యండి" అని సవాళ్ళు వచ్చాయి. పందిని ముస్లింల మీదికి విసిరే రాయిగా వాడేవాడికి పంది కూర మీద ప్రేమేమీ లేదు. ఆ రాయి విసిరాక చెయ్యి కడుక్కుంటాడు, మా వాడ వైపు చూసి మళ్ళీ కడుక్కుంటాడు. నా వంటని ఆ పనికి వాడుకోనివ్వను.

మా వాళ్ళకి కూడా ఒక మాట. మా ఇళ్ళల్లో పందిని కోసే రోజు మగవాళ్ళ రోజు. గడ్డివేసి కాల్చేదీ, గీకేదీ, వాటాలు వేసేదీ మగవాళ్ళే, పాటలూ కేకలూ వాళ్ళవే. పేగులు కడిగేది ఆడవాళ్ళు. వాటాలో మెత్తటి ముక్క ఎవరి ఆకులో పడుతుందో మా అమ్మ తరం ఆడవాళ్ళని అడగండి. పందిని ఏడాదంతా పెంచింది ఆవిడ, అమ్మిన డబ్బు లెక్కపెట్టింది ఆయన. ఇది మా సంస్కృతి అని బయట సభలో గర్వంగా చెప్పే మా తమ్ముళ్ళు ఆదివారం ఆ మూడు గంటలు పొయ్యి దగ్గర ఒకసారి కూర్చోవాలి. కవర్లలో ఎముకలు కట్టి బయట పడేసే పని కూడా వాళ్ళే పంచుకోవాలి. అలా దాయక్కర్లేని రోజు వచ్చేదాకా అయినా.

పుణె విశ్వవిద్యాలయంలోని స్త్రీ అధ్యయన కేంద్రం 2009లో దళితుల ఆహార జ్ఞాపకాల మీద ఒక పుస్తకం తెచ్చింది. షాహూ పాటోలే 2015లో మరాఠీలో 'అన్న హే అపూర్ణ బ్రహ్మ' రాశారు, మరాఠ్వాడా దళితుల వంటల మీద. మన దగ్గర 2003లోనే గోగు శ్యామల 'నల్లపొద్దు' తెచ్చి దళిత స్త్రీల రచనల్ని ఒకచోట పెట్టారు. దాని పక్కన పెట్టడానికి ఒక వంటల పుస్తకం కూడా కావాలి. రచయిత్రులు గొప్పగా ముందుమాట రాయాల్సిన పుస్తకం కాదు, నూనె మరకలు పడాల్సిన పుస్తకం. జబ్బకి ఎంతసేపు, పేగులకి ఎంత ఉప్పు, కొవ్వు కరిగించి సీసాలో పోస్తే ఎన్నాళ్ళుంటుంది, ఇవన్నీ మా అమ్మ వయసు ఆడవాళ్ళ చేతుల్లోనే ఉన్నాయి. వాళ్ళలో చాలామందికి రాయడం రాదు.

పోయిన దసరాకి మా ఇంటి ఓనరు ఖాళీ చెయ్యమన్నారు. కారణం చెప్పలేదు, కొడుకు వస్తున్నాడన్నారు. అప్పటినుంచి ఇల్లు వెతుకుతున్నాం. ఈసారి కొత్త పద్ధతి పెట్టుకున్నాను. అడ్వాన్సు మాట రాకముందే, వంటిల్లు చూస్తూ నేనే చెబుతున్నాను. ఆదివారాలు పంది కూర వండుతామండీ, కిటికీలు తీసే వండుతామని. మా ఆయనకి ఇది నచ్చలేదు, ముందు ఇంట్లో దిగాక చూసుకోవచ్చు కదా అంటాడు. ఇప్పటికి నాలుగు ఇళ్ళు పోయాయి. రెండుచోట్ల ఇంటావిడలే నా ముఖం చూడకుండా "మా అత్తగారు ఒప్పుకోరు" అన్నారు. ఐదో ఇంటావిడ కాస్త ఆలోచించి, గోంగూర వేస్తారా, చింతకాయ వేస్తారా అని అడిగింది. ఆయన్ని అడిగి చెబుతానంది.